మధుమేహ ఔషధానికి పై పొర ఎందుకు?

గోలేటిలో నా వద్దకు వచ్చే మధుమేహులలో అధికులు ఆసుపత్రి మాత్రలు వాడుతూనే, వాటికి తోడుగా చూర్ణమో కషాయమో కోరి వస్తారు. వారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది: "అయ్యా, ఈ గోలి మింగింది మింగినట్లే దొడ్డికి పోయినప్పుడు కనవడుతున్నది. అరగని మందు పనిచేస్తదా?" రెండవది: "గోలి పెద్దగున్నది, గొంతు దిగుతలేదు. నూరి తేనెల కలిపి తినొచ్చునా?"

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కచోటనే, మందును పట్టి ఉంచే పొరలో ఉన్నది. ఆ పొర సంగతి తెలియక నేనొకసారి పొరపాటు చేశాను. అది ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. మరొక ఇంట అట్టి పొరపాటు జరుగకూడదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నా పొరపాటు

నేను గురుకుల పద్ధతిలో వైద్యం నేర్చినవాడను. మా గురువుగారి ఇంట కల్వం ముందు కూర్చోని దినం లేదు. వటిని తేనెతోనో, అల్లపు రసంతోనో, తమలపాకు రసంతోనో అరగదీసి నాకించుట మా పద్ధతి. ఎంత మెత్తగా నూరితే అంత గుణమని నేర్చుకున్నాము. మా ఔషధాల విషయంలో అది నిజమే. కానీ చేతికి పట్టిన అలవాటు ఒక్కొక్కప్పుడు బుద్ధిని మించిపోతుంది.

కొన్ని సంవత్సరాల క్రిందట భూగర్భ గనిలో పనిచేసే ఒక కార్మికుని భార్య నా వద్దకు వచ్చింది. భర్తకు గొంతు వాచి ఏదీ మ్రింగుడు పడటం లేదని, షుగరు మాత్రను నూరి ఇవ్వవచ్చునా అని అడిగింది. నేను మాత్ర పేరు అడుగలేదు. మందుల చీటీ చూడలేదు. "నూరి తేనెతో ఇవ్వమ్మా" అన్నాను. గొంతువాపుకు కషాయం ఇచ్చి పంపాను.

ఆ మాత్ర గ్లిక్లజైడ్. అందులోనూ దినమంతా కొద్దికొద్దిగా విడుదలయ్యే రకం. భర్త రెండవ షిఫ్టుకు పోయే ముందు ఆమె దానిని నూరి ఇచ్చింది. గొంతునొప్పి వలన ఆయన అన్నం సరిగా తినలేదు. వెంట తీసికొనిపోయిన సద్ది కూడా విప్పలేదు. గనిలో దిగిన రెండు మూడు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడసాగింది. తోటివారు మొదట ఉక్కపోత అనుకున్నారు. వారిలో ఒకని తల్లికి మధుమేహం ఉన్నందున అతడు లక్షణాలు గుర్తించి, ఫ్లాస్కులోని తియ్యని చాయ్ త్రాగించాడు. తరువాత పైకి తెచ్చి ఆసుపత్రికి చేర్చారు. గ్లూకోజు ఎక్కించి, ఒక రాత్రి కనిపెట్టి చూచి పంపారు.

అక్కడి వైద్యుడు చెప్పిన కారణాలు రెండు. దినమంతటికీ ఉద్దేశించిన మందు కొద్దిసేపటిలోనే రక్తంలో చేరుట ఒకటి. కడుపులో అన్నం లేకుండుట రెండవది. మరునాడు ఆ ఇల్లాలు వచ్చి, కోపమైనా లేకుండా, "మీరే గదా అయ్యా, నూరి ఇయ్యిమన్నరు" అన్నది. నా వద్ద జవాబు లేదు. ఆనాటి నుండి మాత్రల అట్ట చూడనిదే నేను నోరు విప్పను. ఆ పొర ఏమిటో, ఎట్లు చేయుదురో చదివి, తెలిసినవారిని అడిగి తెలిసికొన్నాను.

బొగ్గు గడ్డ, బొగ్గు పొడి

మా ప్రాంతపు వారికి ఈ విషయం బొగ్గుతో చెబితే సులభంగా బోధపడుతుంది. కుంపటిలో వేసిన బొగ్గు గడ్డ గంటల తరబడి రగులుతుంది. అదే బొగ్గు మెత్తని ధూళియై గాలిలో లేచినపుడు నిప్పు తగిలితే ఒక్క క్షణంలో భగ్గుమంటుంది. అందుకే గనులలో బొగ్గు ధూళిపై రాతిపొడి చల్లుతారు. బొగ్గు అదే, దానిలోని శక్తి అదే. అది ఎంత వేగంగా బయటపడుతున్నదన్నదే తేడా.

మాత్ర సంగతి కూడా అంతే. సాధారణ మాత్ర కడుపులో త్వరగా కరిగి, మందు రక్తంలో ఒక్కసారిగా ఎత్తుకు చేరి, కొన్ని గంటలలో దిగిపోతుంది. ఎత్తున ఉన్నపుడు చక్కెర అతిగా పడిపోయే భయం, దిగినపుడు చక్కెర పెరిగే భయం. అందువలన కొన్ని మందులను దినానికి రెండు మూడు మార్లు వేసికొనవలసి వస్తుంది. షిఫ్టులు మారే ఇండ్లలో ఇది ఎంత కష్టమో నేను చెప్పనక్కరలేదు. మందు నెమ్మదిగా, సమంగా విడుదలైతే దినానికి ఒక్క మాత్రతో సరిపెట్టవచ్చును. ఆ వేగాన్ని అదుపు చేయుటకు ఉపయోగించే పదార్థాలే పాలిమర్లు.

పాలిమరు అనగానే ప్లాస్టిక్కు అనుకొని భయపడనక్కరలేదు. చిన్న అణువులు గొలుసు కడియాల వలె ఒకదానికొకటి తగులుకొని ఏర్పడిన పెద్ద అణువే పాలిమరు. ప్లాస్టిక్కు పాలిమరే, గంజిలోని పిండిపదార్థం, ప్రత్తి నార, మెంతుల జిగురు కూడా పాలిమర్లే. సబ్జా గింజలను నీటిలో వేసి చూడండి. కొద్ది నిమిషాలలో గింజ చుట్టూ తెల్లని జిగురు పొర ఉబ్బుతుంది. లోపలి గింజకు నీరు చేరాలన్నా, లోపలిది బయటకు రావాలన్నా ఆ జిగురును దాటవలసిందే. ఔషధ నిర్మాణంలో పాలిమరు చేసే పని ఇదే.

బూరె, నువ్వుల ఉండ

పాలిమరులో మందును ఇమిడ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది మన పూర్ణం బూరె వంటిది. నడుమ మందు, చుట్టూ తొడుగు. రెండవది నువ్వుల ఉండ వంటిది. బెల్లపు పాకంలో నువ్వుల వలె పాలిమరు అంతటా మందు కలిసి ఉంటుంది. పై నుండి లోపలికి క్రమంగా బయటపడుతుంది. నేడు మధుమేహులు వాడే మెట్‌ఫార్మిన్, గ్లిక్లజైడ్ దీర్ఘకాలిక మాత్రలలో ఎక్కువ భాగం ఈ రెండవ తీరువే. మందంతా వెళ్ళిపోయిన తరువాత ఖాళీ పాలిమరు మెత్తని ముద్దగా మిగిలి మలంతో బయటకు రావచ్చును. మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే. కనిపించినది మాత్ర డొల్ల మాత్రమే. నువ్వులు రాలిపోయినా పాకం మిగిలినట్లు, మందు దేహంలో చేరినా డొల్ల మిగులుతుంది.

ఈ ఉండను లేక బూరెను కంటికి కనబడీ కనబడనంత చిన్నదిగా చేస్తే అదే సూక్ష్మగుళిక. దీనినే మైక్రోక్యాప్సూల్ అంటారు. వెంట్రుక మందం కన్న చిన్నవి మొదలు సన్నరవ్వ పలుకంత వాటి వరకు ఉంటాయి. 1950 దశకంలో అమెరికాలో కార్బను కాగితం అవసరం లేని రసీదు కాగితానికై ఇట్టి గుళికలను పెద్దయెత్తున తయారు చేశారు. కాగితం వెనుక పూసిన గుళికలు కలం ఒత్తిడికి పగిలి, లోని రంగు పదార్థం క్రింది కాగితంపై అచ్చు పడుతుంది. ఔషధరంగంలో 1952లోనే, పొర పూసిన వందలాది చిన్న పూసలను ఒక క్యాప్సూల్‌లో నింపి, పన్నెండు గంటలు పనిచేసేటట్లు విక్రయించారు.

ఒక్క పెద్ద మాత్ర ఉండగా వందల గుళికలు ఎందుకు? పెద్ద మాత్ర పగిలితే మొత్తం మందు ఒక్కసారే బయటపడవచ్చును. వందల గుళికలలో పది పగిలినా ప్రమాదం స్వల్పం. పైగా అవి ప్రేగు పొడుగునా పరచుకొంటాయి కనుక ఒక్కచోటనే రాపిడి కలుగదు.

విశాఖలో వండిన బూందీ

ఈ విషయంలో మన తెలుగువారి కృషి కూడా ఉన్నది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ ఔషధశాస్త్ర కళాశాలలో ఆచార్య కె.పి.ఆర్. చౌదరి గారు, వారి సహ పరిశోధకులు మధుమేహ ఔషధమైన గ్లిపిజైడ్‌తో సూక్ష్మగుళికలు చేసి, 2003లో ఫలితాలు ప్రచురించారు. గ్లిపిజైడ్ దేహం నుండి త్వరగా వెళ్ళిపోయే మందు. కనుకనే దానిని ఎంచుకొన్నారు.

వారు అనుసరించిన ఒక పద్ధతి మన ఇల్లాండ్రకు తెలియనిది కాదు. చిల్లుల గరిటె నుండి శనగపిండి చుక్కలు కాగిన నూనెలో పడి, పడుతూనే గట్టిపడి బూందీ అగును గదా! ఇక్కడ పిండికి బదులు సముద్రపు గోధుమరంగు నాచు నుండి తీసిన ఆల్జినేట్ అనే జిగురు, దానిలో కలిపిన మందు. నూనెకు బదులు కాల్షియం క్లోరైడు కలిపిన నీరు. సూది మొన నుండి చుక్కలు ఆ నీటిలో పడగానే కాల్షియం ఆల్జినేట్ గొలుసులను ముడివేసి గట్టి గుళికగా మార్చుతుంది. మంట అక్కరలేదు.

వారు ఆల్జినేట్‌తోపాటు ప్రేగు పొరకు అంటుకొనే గుణమున్న మరొక పాలిమరును కూడా చేర్చారు. దీని అవసరం ఏమిటంటే, మందు నెమ్మదిగా విడుదలైనా, ఆ గుళిక కొద్దిసేపటిలోనే ప్రేగులను దాటిపోతే ప్రయోజనం లేదు. అంటుకొని నిలిస్తే, మందు గ్రహించబడే చోటనే విడుదలవుతుంది. మెట్‌ఫార్మిన్ వంటి మందు ముఖ్యంగా చిన్నప్రేగు పై భాగంలోనే గ్రహించబడుతుంది కనుక దానికి ఈ ఉపాయం మరింత అవసరం. విశాఖ పరిశోధకులు ప్రయోగశాల పాత్రలలోను, జంతువులలోను పరీక్షించి, ఆ గుళికల నుండి మందు నెమ్మదిగా దీర్ఘకాలం విడుదలైనట్లు చూపారు.

మా అడవులకు కూడా ఈ విద్యతో చుట్టరికం ఉన్నది. ఆదిలాబాదు అడవులలో గిరిజనులు సేకరించే తపసి బంక నీటిలో ఎన్నో రెట్లు ఉబ్బి గట్టిగా అంటుకొంటుంది. పెట్టుడు పండ్లను నిలిపే పొడిలో దానిని వాడేది ఈ గుణం చేతనే. తపసి బంకను, కొండగోగు బంకను మందును నెమ్మదిగా విడిచే పదార్థాలుగా మన ఔషధశాస్త్ర పరిశోధకులు పరీక్షించారు. ఇంటిలో మాత్రకు బంక పూసుకొని మ్రింగుమని దీని అర్థం కాదు. పొర మందం కొంచెం మారినా విడుదల వేగం మారుతుంది; అది కొలతలతో చేయవలసిన పని.

ఆశలు, హద్దులు

ఈ గుళికల పేరిట అద్భుతాలు ఆశింపరాదు. నోటి ద్వారా వేసికొనే మధుమేహ సూక్ష్మగుళికలపై పరిశోధనలు అనేకం జరిగినవి. కానీ మన ఇంటి అలమరలో ఉండేవి అధికంగా నువ్వుల ఉండ తీరు మాత్రలే. ఇన్సులిన్ ప్రోటీను కనుక నోటితో తీసికొంటే జీర్ణమైపోతుంది. దానిని గుళికలో దాచి ప్రేగులకు చేర్చవలెనని ఎందరో యత్నించినా, ఇన్సులిన్ నేటికీ ప్రధానంగా సూదిమందే.

1980లో లిమ్, సన్ అనే శాస్త్రజ్ఞులు మరొక దారి తొక్కారు. ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమ కణాలనే ఆల్జినేట్ గుళికలలో పెట్టి మధుమేహమున్న ఎలుకల దేహంలో ఉంచారు. గుళిక గోడలోని సూక్ష్మరంధ్రాల గుండా చక్కెర లోపలికి, ఇన్సులిన్ బయటికి పోగలవు. దేహ రక్షక కణాలు మాత్రం లోపలికి చొరలేవు. రెండు మూడు వారాల పాటు ఆ ఎలుకల చక్కెర అదుపులో ఉన్నది. ఆ మార్గం నేటికీ సాధారణ చికిత్స కాలేదు.

నిజంగా రోగులకు చేరిన గుళికలకు ఉదాహరణ ఎక్సెనటైడ్ అనే వారానికొకమారు సూదిమందు. హీలా అనే విషపు బల్లి లాలాజలంలో లభించిన పదార్థాన్ని పోలిన మందు అది. దేహంలో తానే కరిగిపోయే కుట్టుదారాల జాతికి చెందిన పాలిమరు గుళికలలో దానిని పొదిగారు. గుళికలు చర్మం క్రింద వారాల తరబడి క్రమంగా కరుగుతూ మందును విడిచేవి. అమెరికాలో 2012లో దానికి అనుమతి లభించింది. తరువాత గుళికల అవసరం లేకుండానే వారానికొకమారు పనిచేసే సూదిమందులు వచ్చినవి. 2024లో అక్కడ ఎక్సెనటైడ్ వారపు మందును తయారీ సంస్థ నిలిపివేసింది. గుళిక మంచి సాధనమే, కానీ మధుమేహానికి మూలచికిత్స కాదు.

ఆయుర్వేద దృష్టిలో

ఇదంతా మన పూర్వులు ముందే చెప్పారని నేను అనను. వారికి ఆల్జినేట్ తెలియదు. అయితే, ఔషధం ఏమిటన్నదానితోపాటు అది ఎప్పుడు, దేనితో, ఎట్లు లోపలికి పోవలెనన్నది కూడా చికిత్సలో భాగమేనని వారు ఎరుగుదురు. సుశ్రుతుడు ఔషధ సేవనానికి పది కాలాలు చెప్పాడు; శార్ఙ్గధరుడు అయిదు చెప్పాడు. అనుపానం మారితే ఫలితం మారునని ప్రతి వైద్యవిద్యార్థీ నేర్చుకొంటాడు. అటువంటి శాస్త్రం చదివిన నేను, ఎదుటివారి ఔషధానికి కూడా ఒక కాలం, ఒక క్రమం ఉండునని మరచుటే నా తప్పు.

మన వంటింటిలోనే ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ మెంతులు. నానిన మెంతుల జిగురు ప్రేగులలో ఆహారపు చక్కెరను నెమ్మదిగా గ్రహించబడునట్లు చేస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో, నూనె తీసిన మెంతిపొడిని ఆహారంలో చేర్చినపుడు మధుమేహులలో రక్తపు చక్కెర తగ్గినట్లు తెలిపారు. వారు వాడినది దినానికి 100 గ్రాములు; మన చెంచాడు మెంతుల నుండి అంత ఫలితం ఆశించి మాత్రలు మానరాదు.

ఇంటిలో పాటించవలసినవి

1. మాత్రల అట్టపై పేరు ప్రక్కన ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్., ఎం.ఆర్., ఎక్స్.ఎల్. అని ఉంటే అది నెమ్మదిగా విడుదలయ్యే మందు. దానిని నూరరాదు, నమలరాదు. నడుమ గీత ఉన్న కొన్నిటిని రెండుగా విరువవచ్చును. అది కూడా డాక్టరు చెప్పినపుడే.

2. మ్రింగలేనివారు ఆ సంగతి డాక్టరుకు చెప్పవలెను. మెట్‌ఫార్మిన్ ద్రవరూపంలో కూడా లభిస్తుంది. కొన్నిటికి బదులు సాధారణ మాత్రలను వేరు మోతాదులో వ్రాయగలరు.

3. మలంలో మాత్ర డొల్ల కనిపించినదని మరొక మాత్ర వేసికొనరాదు. మరచిన మాత్రకు బదులుగా మరునాడు రెండు వేసికొనరాదు.

4. మెంతిపొడి, ఇసబ్గోలు వంటి జిగురు పదార్థాలకు, మాత్రలకు నడుమ రెండు గంటల ఎడం ఉంచండి. ఆ జిగురు మందును కూడా ఆలస్యం చేయవచ్చును.

5. పొడపత్రి, కాకర రసం, నేరేడు గింజల చూర్ణం వంటివి వాడుతుంటే డాక్టరుకు దాచవద్దు. చక్కెరను తగ్గించే మాత్రలతో కలిసి అవి చక్కెరను మరీ దించవచ్చును.

6. షిఫ్టు మారినపుడు మాత్ర వేళను ఎట్లు మార్చుకొనవలెనో ముందే అడిగి తెలిసికొనండి. గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిమిపిరైడ్ వంటివి వేసికొని అన్నం మానరాదు. సద్దితోపాటు గ్లూకోజు పొట్లం వెంట ఉండవలెను.

7. చెమట, వణుకు, గుండెదడ, తడబాటు కలిగితే, లేక చక్కెర 70 మి.గ్రా. కన్న తగ్గితే, వెంటనే 15 గ్రాముల గ్లూకోజు గాని, మూడు చెంచాల చక్కెర గాని నీటిలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలకు తగ్గకుంటే మరల ఇవ్వండి. ఆకార్బోస్, వోగ్లిబోస్ వాడేవారికి చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వవలెను. స్పృహ తప్పినవారి నోటిలో ఏదీ పోయరాదు, ఆసుపత్రికి తరలించండి. దీర్ఘకాలిక మాత్ర వాడినవారికి తేరుకొన్న తరువాత కూడా చక్కెర మరల పడిపోవచ్చును కనుక డాక్టరుకు చూపక మానరాదు.

నా వైద్యశాలలో కల్వం ఇప్పటికీ ఉన్నది, దినమూ వాడుతున్నాను. దానిలో నా మందులు నూరుతాను. ఎవరైనా ఆసుపత్రి మాత్ర చేతబట్టి "నూరొచ్చునా అయ్యా?" అని అడిగితే, ముందుగా అట్ట చేతికి తీసికొని పేరు ప్రక్కనున్న ఆ రెండక్షరాలు చదువుతాను. మీరు కూడా ఈ దినం మీ ఇంటి అలమర తెరచి ఆ అక్షరాలు చూచుకొనండి.